సైనింగ్ డే ర్యాంకులు ఏం చెబుతాయి? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ రిక్రూటింగ్ నడిచే తీరు

ఏటా డిసెంబర్ మొదటి వారంలో, సైనింగ్ డే అనే సంతకాల రోజున, అమెరికాలో హైస్కూల్ జిమ్‌లన్నీ సందడిగా ఉంటాయి. బల్ల మీద మూడు నాలుగు కాలేజీల టోపీలు పెట్టుకుని ఒక కుర్రాడు కూర్చుంటాడు. పక్కన అమ్మానాన్న, వెనక జట్టు, ఎదురుగా కెమెరాలు. అతను ఒక టోపీ తీసి తలమీద పెట్టుకోగానే కేకలు, చప్పట్లు. ఆ సాయంత్రానికల్లా ర్యాంకులు వస్తాయి: ఈ ఏడాది ఫలానా యూనివర్సిటీ క్లాస్ (కొత్తగా చేరే ఆటగాళ్ల బృందం) దేశంలోనే నంబర్ వన్ అనో, ఫలానా కోచ్ దెబ్బతిన్నాడనో.

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, అట్లాంటా శివార్లలోనో ఉంటున్న తెలుగువాళ్లకు శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆటలు కొత్త కాదు. పిల్లలు బ్యాండులో ఉంటారు, కొందరు జట్టులోనే ఉంటారు. ఆట అర్థమైనా రిక్రూటింగ్, అంటే కాలేజీలు హైస్కూల్ కుర్రాళ్లను తమ జట్టులోకి రప్పించుకునే పద్ధతి, మాత్రం అంతుపట్టదు. గత ఐదేళ్లలో నిబంధనలు ఎంతగా మారాయంటే, ఇక్కడే పుట్టిపెరిగిన అభిమానులు కూడా తికమకపడుతున్నారు. కాబట్టి మొదటి నుంచి చూద్దాం.

ప్రొఫెషనల్ ఆటకు దారి కాలేజీ మీదుగానే

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. దీని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. హైస్కూల్ దాటి మూడేళ్లు గడవకుండా ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లోకి, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలోకి, ఎవరినీ రానివ్వరు. ఆ మూడేళ్లూ ఆటగాడికి కాలేజీ జట్టే దిక్కు. కాలేజీ క్రీడలను ఎన్‌సీఏఏ అనే సంస్థ పర్యవేక్షిస్తుంది. అందులో పై స్థాయి ఫుట్‌బాల్ విభాగాన్ని ఎఫ్‌బీఎస్ అంటారు. ఇందులో 130కి పైగా యూనివర్సిటీలున్నాయి.

ఐపీఎల్‌తో పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ పాట పాడితే ఆటగాడు హైదరాబాద్ రావాల్సిందే, ఎంపిక ఫ్రాంచైజీది. కాలేజీ రిక్రూటింగ్‌లో ఎంపిక కుర్రాడిది. లక్షల డాలర్ల జీతం తీసుకునే కోచ్ పదిహేడేళ్ల పిల్లాడి ఇంటికి వెళ్లి, వంటింట్లో కూర్చుని, వాళ్లమ్మను ఒప్పించాలి. ఈ వ్యవస్థలో కనిపించే వింతలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

పోటీ ఎంతో ఒక అంచనా వేద్దాం. అమెరికా హైస్కూళ్లలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు 10 లక్షలకు పైనే. నాలుగు తరగతులు కాబట్టి ఏటా బయటికొచ్చేది రెండు, రెండున్నర లక్షల మంది అనుకోవచ్చు. ఒక్కో ఎఫ్‌బీఎస్ కాలేజీ ఏడాదికి సుమారు 20 మందిని తీసుకుంటే మొత్తం 2,600, 2,700. అంటే నూటికి ఒక్కరు.

ఆఫర్ వేరు, కమిట్‌మెంట్ వేరు, సంతకం వేరు

వార్తల్లో ఎక్కువగా కలగాపులగం అయ్యేవి ఈ మూడే.

ఆఫర్ అంటే "నీకు స్కాలర్‌షిప్ ఇస్తాం" అని కోచ్ చెప్పడం. పదో తరగతి పిల్లాడికి కూడా నోటిమాటగా చెప్పొచ్చు. రాతపూర్వకంగా ఇవ్వాలంటే మాత్రం హైస్కూల్ ఆఖరి ఏడాది మొదలయ్యే ముందు ఆగస్టు 1 దాకా ఆగాలి. ఉన్న ఖాళీలకు ఎన్నో రెట్ల ఆఫర్లు ఇవ్వడం మామూలే. అందులో కొన్ని ఈ రోజు ఒప్పుకుంటే వెంటనే తీసుకునేవి, కొన్ని మరో కుర్రాడు కాదంటేనే పనికొచ్చేవి. కోచ్‌లు ఈ తేడాను పైకి చెప్పరు. కుటుంబాలకు బాగా మనసు కష్టపెట్టేది ఇదే అని నా అభిప్రాయం. పదిహేను ఆఫర్లున్నాయని ఊరంతా చెప్పుకున్నాక నిజంగా తలుపు తెరిచి ఉన్నవి నాలుగే అని తెలిస్తే ఎలా ఉంటుంది?

కమిట్‌మెంట్ అంటే "నేను మీ కాలేజీకే వస్తా" అని కుర్రాడు ప్రకటించడం. దీనికి చట్టబద్ధత లేదు. రెండు వైపులా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. మనసు మార్చుకుని మరో కాలేజీకి మాట ఇస్తే దాన్ని "ఫ్లిప్" అంటారు. 2021 డిసెంబర్‌లో దేశంలోనే అగ్రశ్రేణి రిక్రూట్ ట్రావిస్ హంటర్ ఆఖరి రోజున ఫ్లోరిడా స్టేట్‌ను వదిలి జాక్సన్ స్టేట్ అన్నాడు. అది చారిత్రకంగా నల్లజాతీయుల కాలేజీ, ఎఫ్‌బీఎస్‌లో కూడా లేదు. అక్కడి కోచ్ డియాన్ శాండర్స్ ఆ కుర్రాణ్ని ఒప్పించాడు. తర్వాత హంటర్ ఆ కోచ్ వెంటే కొలరాడో వెళ్లి 2024లో హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడికి అంతకు మించిన గౌరవం లేదు.

సంతకంతోనే కట్టుబాటు మొదలవుతుంది. 1964 నుంచి దీనికి "నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్" అనే పత్రం ఉండేది. 2024 అక్టోబర్‌లో ఎన్‌సీఏఏ దాన్ని తీసేసింది. ఇప్పుడు ఆర్థిక సహాయ ఒప్పందం మీద, దాంతోపాటు ఆదాయ వాటా ఒప్పందం మీద సంతకం చేస్తున్నారు. ఒకప్పుడు సంతకాల రోజు ఫిబ్రవరి మొదటి బుధవారం. 2017 డిసెంబర్‌లో ముందస్తు సంతకాల గడువు వచ్చాక ఫిబ్రవరి నామమాత్రమైంది. పెద్ద కాలేజీలు తొంభై శాతం పని డిసెంబర్‌లోనే ముగిస్తున్నాయి.

కాలేజీ ఖర్చుతో కుర్రాణ్ని, కుటుంబాన్ని క్యాంపస్‌కు రప్పించడాన్ని "అఫీషియల్ విజిట్" అంటారు. కోచ్‌లు రిక్రూట్లను ముఖాముఖి కలవకూడని రోజులు "డెడ్ పీరియడ్". క్యాలెండర్‌లో ఇలాంటి గడులు ఇంకా కొన్ని ఉన్నాయి కానీ, క్లాస్‌ను అంచనా వేయడానికి అవి అంత ముఖ్యం కాదు.

స్టార్లు ఎవరిస్తారు, ఎలా ఇస్తారు

రిక్రూట్ల ప్రతిభను అంచనా వేసి స్టార్లు ఇచ్చేది ఎన్‌సీఏఏ కాదు, కాలేజీలు కాదు. 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి ప్రైవేటు మీడియా సంస్థలు. వాళ్ల స్కౌట్లు ఆట వీడియోలు చూస్తారు, వేసవి క్యాంపులకు వెళ్తారు, ఎత్తు, బరువు, చేతుల పొడవు, పరుగు వేగం నమోదు చేస్తారు. 247స్పోర్ట్స్ పద్ధతిలో 80 నుంచి 89 మార్కులైతే మూడు స్టార్లు, 90 నుంచి 97 అయితే నాలుగు, 98, ఆపైన అయితే ఐదు. ఏటా ఐదు స్టార్లు పొందేది 32 మంది చుట్టుపక్కలే. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 స్థానాలుంటాయి. "ఇతను అక్కడిదాకా వెళ్తాడు" అన్న అంచనానే ఐదు స్టార్లు. వేర్వేరు సంస్థల మార్కులను కలిపి తీసే సగటును "కాంపోజిట్" అంటారు.

దీంట్లో ఒక చిక్కుంది. ఒక కుర్రాడికి జార్జియా, అలబామా ఆఫర్లు వస్తే స్కౌట్లు అతని వీడియో మళ్లీ చూస్తారు, చాలాసార్లు మార్కు పెరుగుతుంది. అంటే రేటింగ్‌లో కొంత భాగం కోచ్‌ల అభిప్రాయానికి ప్రతిబింబమే. దీన్ని కొందరు లోపమంటారు. మరికొందరు, నిపుణులైన కోచ్‌ల అంచనాను లెక్కలోకి తీసుకుంటే రేటింగ్ మెరుగవుతుందంటారు. రెండూ నిజమే. పెద్ద కాలేజీలు పట్టించుకోని మారుమూల ఊరి పిల్లాడికి మాత్రం ఈ పద్ధతి అన్యాయం చేస్తుంది.

క్యామ్ వార్డ్ అలాంటి వాడే. టెక్సాస్‌లోని వెస్ట్ కొలంబియా కుర్రాడు. అతని హైస్కూల్ జట్టు బంతి విసరడం తక్కువ, పట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు. విసిరిన వీడియోలే లేకపోతే స్కౌట్లు దేన్ని చూసి మార్కులేస్తారు? వచ్చిన ఒకే ఒక్క స్కాలర్‌షిప్ ఆఫర్ ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీది. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, తర్వాత మయామీ. 2025 డ్రాఫ్ట్‌లో టెనెసీ టైటన్స్ అతణ్ని మొట్టమొదటి ఆటగాడిగా ఎంచుకుంది.

అయితే స్టార్లు దండగేనా? నిష్పత్తి చూడాలి

క్యామ్ వార్డ్ లాంటి కథ వచ్చిన ప్రతిసారీ "చూశారా, స్టార్లకు అర్థం లేదు" అన్న వాదన లేస్తుంది. దానికి తోడు, డ్రాఫ్ట్‌లో ఎంపికైన వాళ్లలో మూడు స్టార్ల వాళ్లే ఎక్కువ అని లెక్క చూపిస్తారు. లెక్క తప్పు కాదు, దాన్నుంచి తీసే అర్థం తప్పు.

ఊహా సంఖ్యలతో చూద్దాం. ఒక ఏడాది ఐదు స్టార్ల వాళ్లు 32 మంది, వాళ్లలో 16 మంది డ్రాఫ్ట్ అయ్యారు. మూడు స్టార్ల వాళ్లు 2,000 మంది, వాళ్లలో 100 మంది డ్రాఫ్ట్ అయ్యారు. తలలు లెక్కపెడితే 100 ముందు 16 ఎంత? అవకాశం లెక్కపెడితే ఒకరిది 50 శాతం, మరొకరిది 5 శాతం. స్టార్లు వ్యక్తి విషయంలో తరచూ తప్పుతాయి, గుంపు విషయంలో చాలావరకు నిలబడతాయి. కోచ్ తీసుకునేది గుంపును. అందుకే నాలుగైదు స్టార్ల వాళ్ల కోసం అంత తాపత్రయం.

స్థానాన్ని బట్టి కూడా నమ్మకం మారుతుంది. వేగం, ఒడ్డూ పొడుగూ ప్రధానమైన రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు), డిఫెన్సివ్ లైన్ (ఎదుటి జట్టును అడ్డుకునే ముందు వరుస) స్థానాల్లో పదిహేడేళ్లకే కొంత తేలిపోతుంది. అఫెన్సివ్ లైన్‌లో, అంటే తన క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుసలో, ఆడేవాడు కాలేజీకొచ్చాక ఇరవై, ముప్పై కిలోల బరువు పెరగాల్సి రావచ్చు, రెండేళ్లు ఆగితే కానీ తెలియదు. క్వార్టర్‌బ్యాక్ విషయంలో తల ఎలా పనిచేస్తుందో, ఒత్తిడిలో ఎలా ఉంటాడో ఏ క్యాంపూ పూర్తిగా చెప్పలేదు.

క్లాస్ ర్యాంకు లెక్క

ఒక ఏడాది ఒక కాలేజీలో చేరిన రిక్రూట్లందరినీ కలిపి "క్లాస్" అంటారు. రెండు ఊహా కాలేజీలు తీసుకోండి. మొదటిది 27 మందిని తీసుకుంది, సగటు మార్కు 88. రెండోది 17 మందిని తీసుకుంది, సగటు 92. ఊరికే కూడితే మొదటిదానికి 2,376, రెండోదానికి 1,564. మొదటిదే గొప్ప. సగటు చూస్తే రెండోది. ఏది సరైనది?

247స్పోర్ట్స్ మధ్యే మార్గం పట్టింది. క్లాసులో అందరికంటే మెరుగైనవాడి మార్కును పూర్తిగా కలుపుతుంది, తర్వాతి వాళ్ల మార్కుల్లో కలిపే వాటా క్రమంగా తగ్గుతుంది. 20 దాటాక చేరే ఒక్కొక్కరి వల్ల పెరిగేది చాలా స్వల్పం. అయినా పెద్ద క్లాసుకు కొంత లాభం ఉంటూనే ఉంటుంది. అందుకే ర్యాంకు చూసినప్పుడు పక్కనున్న సంఖ్యనూ సగటునూ కూడా చూడాలి.

ర్యాంకు చెప్పనిది ఇంకోటుంది, అవసరం. జట్టులో అఫెన్సివ్ లైన్ ఖాళీ అయిపోతుంటే ఐదుగురు మేటి రిసీవర్లను తెచ్చుకుంటే ర్యాంకు పెరుగుతుంది, క్వార్టర్‌బ్యాక్‌కు మాత్రం దెబ్బలు తప్పవు.

రెండు గొప్ప క్లాసులు, రెండు గతులు

అలబామా 2017 క్లాస్ ఆ ఏడు నంబర్ వన్. నిక్ సేబన్ కోచ్. అందులో చేరిన టువా టాంగొవైలోవా, డివాంటా స్మిత్ ఇద్దరూ మొదటి ఏడాదే జాతీయ ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో గెలుపు టచ్‌డౌన్ కొట్టారు: ఒకరు విసిరారు, ఒకరు పట్టారు. 2020లో స్మిత్ హైస్మన్ గెలిచాడు, జట్టు మళ్లీ ఛాంపియన్. ఆ ఒక్క క్లాసు నుంచి ఎనిమిది మంది డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికయ్యారు. అందులో మూడు స్టార్ల మ్యాక్ జోన్స్ కూడా ఉన్నాడు. అతను టువా వెనక ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చుని, 2020లో పూర్తిస్థాయి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు.

టెక్సాస్ ఏ అండ్ ఎం 2022 క్లాసుకు 247స్పోర్ట్స్ కాంపోజిట్ లెక్కలో అప్పటిదాకా ఎవరికీ రాని స్కోరు వచ్చింది. ఆ ఏడాది సీజన్‌లో జట్టు 5 గెలిచి 7 ఓడింది. మరుసటి ఏడాది నవంబర్‌లో కోచ్ జింబో ఫిషర్‌ను తప్పించారు. ఒప్పందం ప్రకారం అతనికి చెల్లించాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. క్లాసులో చాలామంది తలో దిక్కుకు వెళ్లారు. రిసీవర్ ఎవన్ స్టూవర్ట్ ఒరెగాన్ వెళ్లాడు, డిఫెన్సివ్ లైన్ ఆటగాడు వాల్టర్ నోలెన్ ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) వెళ్లాడు.

మరి ఆ స్కౌట్లు పొరబడ్డారా? 2025 డ్రాఫ్ట్ చూడండి. 16వ స్థానంలో నోలెన్, ఆ వెంటనే 17వ స్థానంలో షెమార్ స్టూవర్ట్ ఎంపికయ్యారు. ఇద్దరూ ఆ 2022 క్లాసు వాళ్లే. ఒకడు వెళ్లిపోయాడు, ఒకడు అక్కడే ఉన్నాడు. ప్రతిభ గురించి అంచనా తప్పలేదు. ఆ ప్రతిభ మూడో ఏడాదికి అదే జట్టులో ఉంటుందా, ఆ కోచ్ ఉంటాడా అన్నది ఏ స్టార్ రేటింగూ చెప్పలేదు. సైనింగ్ డే ర్యాంకు వచ్చిన ముడిసరుకును కొలుస్తుంది. అంతవరకే దాని బాధ్యత.

పోర్టల్, డబ్బు: ఆట మారిన చోట

అలబామా 2017 క్లాసుకూ ఏ అండ్ ఎం 2022 క్లాసుకూ మధ్య నిబంధనలు తలకిందులయ్యాయి. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు అందులో పేరు నమోదు చేసుకుంటే మిగతా కోచ్‌లు అతనితో మాట్లాడొచ్చు. ఇంతకుముందు మారినవాడు సాధారణంగా ఒక ఏడాది ఆట మానేసి కూర్చోవాల్సి వచ్చేది. 2021లో మొదటిసారి మారడానికి ఆ శిక్ష తీసేశారు, 2024లో ఎన్నిసార్లు మారినా పర్లేదన్నారు.

2021 జులై 1న ఇంకో గేటు తెరుచుకుంది. ఆటగాడు తన పేరు, బొమ్మ, గుర్తింపు వాడుకుని సంపాదించుకునే హక్కు, ఎన్‌ఐఎల్. పేరుకు ప్రకటనల డబ్బే అయినా, ధనిక అభిమానులు "కలెక్టివ్"లుగా ఏర్పడి చెల్లించడం మొదలుపెట్టాక అది దాదాపు జీతంగా మారింది. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందాన్ని కోర్టు ఆమోదించడంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. 2025-26కు ఒక్కో కాలేజీకి అన్ని క్రీడలకూ కలిపి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పెద్ద ఫుట్‌బాల్ కాలేజీల్లో అందులో సింహభాగం ఫుట్‌బాల్‌దే. అంతకుముందు ఫుట్‌బాల్‌కు 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. ఇప్పుడు దాని బదులు జట్టులో మొత్తం 105 మందికి మించకూడదు.

దీని మీద అభిప్రాయాలు గట్టిగా చీలాయి. కోచ్‌లలో చాలామంది, పాతకాలపు అభిమానులు అనేది: మ్యాక్ జోన్స్ లాంటి ఓపిక ఇక ఉండదు, రెండో ఏడాదికే ఆడించకపోతే పోర్టల్‌లోకి వెళ్లిపోతాడు, చదువు తెగిపోతుంది. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో సాధన చేసే "వాక్-ఆన్" కుర్రాళ్లకు 105 పరిమితి వల్ల చోటు తగ్గింది. పైగా కోచ్‌లు పద్దెనిమిదేళ్ల పిల్లాడికి బదులు ఇరవై రెండేళ్ల అనుభవజ్ఞుణ్ని తెచ్చుకుంటున్నారు, కాబట్టి హైస్కూల్ నుంచి వచ్చేవాళ్లకు ఆఫర్లు తగ్గుతున్నాయి.

రెండో పక్షం వాదన కూడా బలమైనదే. కోచ్ పెద్ద జీతం కోసం రాత్రికి రాత్రి వెళ్లిపోవచ్చు, ఆటగాడు మాత్రం కట్టుబడి ఉండాలా? నిండిన స్టేడియాలు, టీవీ కోట్లు ఎవరి శరీరాల మీద వచ్చాయి? పదిహేడేళ్లప్పుడు ఎవరూ గుర్తించని క్యామ్ వార్డ్‌కు పోర్టల్ లేకపోతే రెండో అవకాశం ఎక్కడిది? నాకు ఈ రెండో వాదనే ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది. కానీ వాక్-ఆన్ కుర్రాడికి జరిగిన నష్టాన్ని ఆ న్యాయం పూడ్చదు.

సగం గీత, దాన్ని దాటేసిన ఇండియానా

రిక్రూటింగ్ విశ్లేషకుడు బడ్ ఎలియట్ "బ్లూ చిప్ రేషియో" అనే కొలత ప్రాచుర్యంలోకి తెచ్చాడు. గత నాలుగు క్లాసుల్లో నాలుగైదు స్టార్ల వాళ్లు సగానికి మించి ఉన్న జట్టే జాతీయ ఛాంపియన్ అవుతుందన్నది దాని సారం. లెక్క తేలిక. ఒక ఊహా జట్టులో నాలుగేళ్లలో 22, 20, 24, 18 మంది చేరారు, మొత్తం 84. వాళ్లలో బ్లూ చిప్‌లు, అంటే నాలుగైదు స్టార్ల వాళ్లు, 13, 10, 14, 9, మొత్తం 46. నిష్పత్తి 55 శాతం, గీత దాటినట్టే. ఏళ్ల తరబడి ఈ గీత నిలబడింది.

ఇండియానా దాన్ని చెరిపేసింది. ఓటముల చరిత్ర ఉన్న ఆ జట్టుకు కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ జేమ్స్ మ్యాడిసన్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు, వస్తూ తన పాత ఆటగాళ్లను డజనుకు పైగా వెంట తెచ్చుకున్నాడు. 2024లో 11 గెలుపులు. 2025 సీజన్‌కు క్యాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాను తెచ్చాడు. హైస్కూల్లో పెద్ద కాలేజీలు పట్టించుకోక ఒకప్పుడు యేల్‌కు మాటిచ్చిన కుర్రాడతను. ఆ ఏడు హైస్మన్ గెలిచాడు. 2026 జనవరిలో ఇండియానా ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి, ఒక్క ఓటమీ లేకుండా ఛాంపియన్ అయింది. నాలుగైదు స్టార్ల నిష్పత్తిలో ఆ జట్టు సగానికి చాలా కింద ఉంది.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. హైస్కూల్ ర్యాంకుల కాలం చెల్లిందని కొందరంటారు. పోర్టల్‌లోకి వచ్చేవాడి కాలేజీ ఆట వీడియో కళ్లముందు ఉంటుంది కాబట్టి అంచనా మరింత నమ్మదగినది, సిగ్నెటీ చేసింది అదే అని వాళ్ల వాదన. మరికొందరు, ఒక్క ఛాంపియన్‌ను చూసి సూత్రం మార్చలేమంటారు. అదే ప్లేఆఫ్‌లో ఇండియానా చేతిలో ఓడినా, అంతదాకా వచ్చిన అలబామా, ఒరెగాన్ నాలుగైదు స్టార్లతో నిండిన జట్లే. నా అంచనాలో రెండో వాళ్లు ఇంకా పూర్తిగా ఓడిపోలేదు.

తాజా క్లాసును ఎలా చదవాలి

2025 డిసెంబర్ 3న మొదలైన సంతకాల్లో సదరన్ క్యాలిఫోర్నియా యూనివర్సిటీ, అందరూ యూఎస్‌సీ అంటారు, నంబర్ వన్ అయింది. కోచ్ లింకన్ రైలీ. చాలా ఏళ్లుగా ఆ స్థానం ఆగ్నేయ రాష్ట్రాల ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) సొత్తుగా ఉండటంతో ఇది పెద్ద వార్త.

ఆ క్లాసులో 30 మందికి పైగా ఉన్నారు, కాబట్టి సంఖ్య వల్ల వచ్చిన లాభం కొంత ఉంది. ఇంకో విషయం, వాళ్లలో పెద్ద భాగం క్యాలిఫోర్నియా కుర్రాళ్లు. ఇంతకుముందు ఆ రాష్ట్రపు మేటి ఆటగాళ్లను ఒరెగాన్, జార్జియా, అలబామా తీసుకుపోయేవి. ఇల్లు దగ్గరున్నవాడు మొదటి కష్టానికే వెళ్లిపోయే అవకాశం తక్కువ అని చాలామంది కోచ్‌లు నమ్ముతారు. 105 మంది జట్టులో 30 మందికి పైగా కొత్తవాళ్లు చేరితే పాతవాళ్లలో చాలామంది ఖాళీ చేయాలి. వాళ్లలో ఎవరు వెళ్తారన్నది డిసెంబర్‌లో కనిపించదు.

అందుకే ఇప్పుడు క్యాలెండర్‌లో రెండో తేదీ వచ్చింది. వసంతకాలపు పోర్టల్ గడువును ఎన్‌సీఏఏ ఎత్తేసి, 2026లో జనవరి 2 నుంచి 16 వరకు ఒకే గడువు పెట్టింది. 247స్పోర్ట్స్ కూడా హైస్కూల్ వాళ్లకో పట్టిక, ట్రాన్స్‌ఫర్లకో పట్టిక, రెండూ కలిపి మరో పట్టిక వేస్తోంది. హైస్కూల్ పట్టికలో పదో స్థానంలో ఉన్న కాలేజీ కలిపిన పట్టికలో మూడుకు ఎక్కొచ్చు, లేదా ఇరవైకి జారొచ్చు. డిసెంబర్ క్లాసులో ఎంతమంది 2028 సీజన్‌లో అదే జెర్సీతో మైదానంలో ఉంటారన్న లెక్క మాత్రం ఈ మూడు పట్టికల్లో ఒక్కదానిలోనూ లేదు.